మస్కట్‌లో మూడు కపిలలు

నంద్యాల,
4-2-1985

ఓబులేసు బావకు మద్దిలేటి రాయడమేమంటే,

నీ పరాచికం అందింది. కవరు మీద డేగ బొమ్మ, లోపల ఇంగ్లీషులో టైపు, కింద గుండ్రటి ముద్ర. ఈసారి బాగానే ఖర్చు పెట్టినావు. పోస్టుమాస్టరుతో చదివించుకున్నాను. నన్ను మస్కట్‌లో బాయిలర్ పనికి తీసుకుంటారంట. ఉండే గది వాళ్ళదే, తిండి వాళ్ళదే, విమానం చార్జీలూ వాళ్ళవేనంట. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఏమి అదృష్టమప్పా నీది!" అన్నాడు. "అది మస్కట్ నుంచి రాలేదు సార్. ఆళ్లగడ్డలో మా బామ్మర్ది సైకిల్ షాపు నుంచి వచ్చింది" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

పోయిన ఏడు తాసిల్దారు పేరు మీద నువ్వు రాసిన కార్డు నేను మరిచిపోలేదు. మా ఇంటి వెనక గోడ కింద నిధి ఉందని, తవ్వే ముందు సర్కారుకు తెలియజేయాలని రాసినావు. సర్కారుకు తెలియకుండా తవ్వి నేను గోడ పడగొట్టుకున్నాను. అదీ నవ్వుకున్నాం. కానీ ఇది నవ్వే కాలం కాదు బావా. దసరా ముందు మూతబడిన నూనె మిల్లు ఇంకా తెరవలేదు. రోజూ గేటు ముందు షామియానా కింద కూర్చుని వస్తున్నాం. పెళ్ళికి ముందు నుంచీ బాయిలర్ చూసుకున్నవాడిని. నిప్పు ఆరిపోయిన బాయిలర్ పక్కన ఎప్పుడైనా నిలబడినావా? పీనుగు పక్కన నిలబడినట్లే ఉంటుంది.

మీ చెల్లెలు యశోద ముందు నవ్వింది. తర్వాత "మా అన్నకు బుద్ధి ఎప్పుడొస్తాదో" అని ఆ కాగితాన్ని చింతపండు బుట్ట కింద పెట్టేసి పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఊరికే కూర్చుంది.

ఆకలి మీద ఉన్నవాడి ముందు ఖాళీ విస్తరి వేసి ఆడుకోవద్దు.

నీ చెల్లెలి మొగుడు,
మద్దిలేటి


ఆళ్లగడ్డ,
8-2-1985

గోడ తవ్వి గాలి సంపాదించుకున్న బావకు,

ఇక్కడ నేను, లింగమ్మ, గోడకు వేలాడుతున్న పంచరు ట్యూబులూ అందరం క్షేమం. మాలో ఎవరికీ గాలి ఎక్కువ కాలం నిలవడం లేదు, అంతే.

ఆ డేగ కవరు నాది కాదు. ఎనిమిదో తరగతి రెండేండ్లు చదివి రెండుసార్లూ దాన్ని అక్కడే విడిచిపెట్టి వచ్చినవాడిని. ఇంగ్లీషులో నాకు వచ్చింది నా సంతకం, టైర్ల మీద ఉండే అంకెలు. బాయిలర్‌ను ఇంగ్లీషులో ఏమంటారో కూడా నాకు తెలీదు. నిధి కార్డంటావా, అది నాదే. తెలుగులో రాసినాను కదా, గుర్తుపట్టలేదా?

నీ ఉత్తరం చదివి వినిపిస్తే కట్టుకున్న లింగమ్మ కూడా నమ్మలేదు. "నా మీద ఒట్టేసినా నమ్మను. కర్పూరం ఆర్పు" అనింది. అహోబిలం నరసింహస్వామి పటం ముందు తమలపాకు పెట్టి, దాని మీద కర్పూరం వెలిగించింది. "ఈ కవరు నేను రాయలేదు, రాయించలేదు" అని మంట మీద అరచెయ్యి పెట్టి ఆర్పినాను. మొన్నటి నుంచి ఎడమ చేత్తో అన్నం తింటున్నాను. నీ మూలంగా దేవుని ముందు కూడా నా పరువు పోయింది.

ఒకవేళ ఏ పిచ్చి అరబ్బు షేకో నిజంగానే నిన్ను పిలిచి ఉంటే మాత్రం నన్ను మరిచిపోవద్దు. నాకో టేప్ రికార్డరు పంపు. అది కుదరకపోతే ఒంటె అయినా ఫరవాలేదు, బస్టాండులో అద్దెకు తిప్పుకుంటాను.

మిల్లు సంగతి చదివినాను. ఒక మూట జొన్నలు బస్సు మీద వేయిస్తున్నాను. నిధి దొరికినప్పుడు తీర్చు.

అరచెయ్యి కాలిన,
ఓబులేసు


నంద్యాల,
19-2-1985

బంగారం లాంటి బావకు,

జొన్నలు అందినాయి. జొన్నల కంటే ముందు నీ ఉత్తరం అందింది. కర్పూరం ఆర్పినావని చదవగానే యశోద చేతిలో చాట కింద పెట్టి లేచింది.

"మా అన్న నూరు అబద్ధాలాడతాడు గానీ కర్పూరం ఆర్పి ఆడడు. ఆయప్ప రాయలేదంటే అది నిజమైన కాగితమే" అని చింతపండు బుట్ట ఎత్తి ఆ ఉత్తరం బయటికి తీసింది. అప్పుడే కండ్లకద్దుకుంది. మన ఇండ్లల్లో దొంగ కాగితం రాసేవాడివి నువ్వొక్కడివే కదా. నువ్వు కాదంటే ఇంకెవరు రాస్తారు?

ఆ పూటే బొంబాయి అడ్రసుకు జవాబు రాయించినాను. వారం తిరక్కముందే ఏజెంటు నంద్యాలకే వచ్చి బస్టాండు పక్క లాడ్జిలో మేడ మీద గది తీసుకున్నాడు. తెల్ల బూట్లు, తెల్ల చొక్కా, సగం హిందీ సగం తెలుగు. ఒక్క పైసా అడగలేదు బావా. నీళ్ళెంత, ఆవిరెంత అని ప్రశ్నలు కూడా వేయలేదు. నా అరచేతులు తిప్పి చూసి, "ఈ చేతులే నీ పరీక్ష. పాస్!" అన్నాడు. ఇన్నేండ్లలో మిల్లు యజమాని ఒక్కసారైనా నా చేతుల వైపు చూసినాడా?

షామియానా కింద ఉన్నవాళ్ళు నా చుట్టూ మూగినారు. ఫిట్టరు సంజీవయ్య "ఇదంతా నిజమేనా అన్నా?" అని అడిగినాడు. "మా బావ నరసింహస్వామి ముందు కర్పూరం ఆర్పినాడు" అని చెప్పినాను. నూనె పిండే ఎక్స్‌పెల్లరు మీద పనిచేసే నతానియేలు మన దేవుళ్ళను నమ్మడు గదా, వాడు కూడా "ఓబులేసన్న చెయ్యి కాల్చుకున్నాడంటే ఏదో ఉన్నట్టే" అన్నాడు. అందరూ పేర్లు ఇచ్చినారు. నీ మాటకు ఇంత విలువ వస్తుందని మీ నాయన కూడా అనుకుని ఉండడు.

వచ్చే వారం గురువారం నా బాయిలర్ సర్టిఫికెట్టు ఇవ్వాలి. అసలుదే కావాలంట, వీసా దాని మీదే కొడతారంట. నీ టేప్ రికార్డరు నాకు గుర్తుంది. నువ్వు మనస్ఫూర్తిగా పొమ్మన్నావు కాబట్టే పోతున్నాను.

మస్కట్ మద్దిలేటి
(యశోద అట్లా రాయమనింది)


ఆళ్లగడ్డ,
25-2-1985

బావా,

ఈ ఉత్తరం నిలబడి చదవొద్దు. కూర్చుని చదువు.

నేను కర్పూరం ఆర్పింది "ఆ కవరు నాది కాదు" అని. "ఆ కవరు నిజం" అని కాదు. నీ కోడిని నేను దొంగిలించలేదని ప్రమాణం చేస్తే, నక్క కూడా దొంగిలించలేదని దానికి అర్థమా? నా ఒక్క అరచెయ్యి కాలినందుకు మిల్లు మొత్తాన్ని విమానం ఎక్కిస్తావా?

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని చాగలమర్రికి పోయినాను. అక్కడ రోడ్డు మీద సోడా బండి పెట్టుకున్న పౌలు ఉన్నాడు. కువైట్‌లో తాపీపని చేసి వచ్చినవాడు. విషయం చెప్పినాను.

"మీ బావకు పరీక్ష పెట్టినారాన్నా?" అన్నాడు.

"చేతులు చూసినారంట."

పౌలు సోడా కొట్టేది ఆపినాడు. "చేతులు చూసేదానికి పిల్లనిస్తాండారా ఏందీ? నన్ను మద్రాసులో తీసుకున్నోళ్ళు ఎండలో గోడ కట్టించి చూసినారు. వంకర పోయిందని నా ముందర ఇద్దర్ని ఎనక్కి పంపినారు. నిజం ఉద్యోగం కాడ 'నీకు పని రాదు పో' అనేటోడు ఒకడుంటాడన్నా. అందర్నీ తీసుకుంటానన్నోడు ఎవర్నీ తీసుకోడు."

"పైసా కూడా అడగలేదంట గదప్పా."

"ఇప్పుడెందుకు అడుగుతాడు? అసలు కాగితం వాని చేతికి పోయినాక అడుగుతాడు. మన కాగితం మనం ఇడిపించుకునేదానికి మనమే దుడ్లు ఇయ్యాల. నకలు తీపిచ్చి, ఆఫీసరుతో సంతకం పెట్టిచ్చి ఇమ్మను. అసలుది మాత్రం ఇంటి గడప దాటనియొద్దు. ఇంగోటి, మనుషుల్ని పంపేటోనికి ఢిల్లీ సర్కారు నంబరొకటి ఇస్తాది. ఆ నంబరు అడిగి రాసుకోమను. మద్రాసులో సర్కారు ఆఫీసుంది. ఆడికి కార్డు రాస్తే ఆ నంబరు ఉందో లేదో చెప్తారు."

"మా బావ పేరు, అడ్రసు బొంబాయోళ్ళకు ఎట్లా తెలిసిందప్పా?"

"మూతబడిన మిల్లు గేటు కాడ టీ తాగితే ఎవరి పేరైనా తెలుస్తాది. పని ఉన్నోని కాడికి ఈళ్ళు రారన్నా."

అదీ సంగతి. వాడు చెప్పినట్లు చెయ్యి. ఇచ్చేది నకలు, అడిగేది నంబరు. ఆ కవరు మీద డేగ ఉందన్నావే, కోడిపిల్లను పిలిచి ఉద్యోగమిచ్చిన డేగను ఎప్పుడైనా చూసినావా? నా మాట వినకుండా పోతే ఎడారిలో ఒంటె మూతి తుడుస్తూ నన్నే తలుచుకుంటావు.

ఓబులేసు


నంద్యాల,
1-3-1985

శ్రీయుత ఓబులేసు గారికి,

మీ ఉత్తరం బుధవారమే అందింది. గురువారం సర్టిఫికెట్టు ఇచ్చేసినాను. అసలుదే ఇచ్చినాను.

మీరు చెప్పినట్లు నంబరు కూడా అడిగినాను. ఆయన కోప్పడలేదు, నవ్వినాడు. "ఈ మాట నీకు ఎవరో బాగా దగ్గరివాళ్ళే చెప్పి ఉంటారు. నువ్వు బాగుపడితే ఓర్వలేని వాళ్ళు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు" అన్నాడు. అందరి ముందూ నేను తల వంచుకున్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషి ఒక్క మాటతో మిమ్మల్ని పట్టుకున్నాడు.

ముందు టేప్ రికార్డరు పంపమన్నారు. నెల తిరగకుండా నక్క అన్నారు, డేగ అన్నారు, ఒంటె మూతి అన్నారు. ఏది నమ్మాలి? మీ ఉత్తరంలో ఏది నిజమో ఏది ఎగతాళో తెలుసుకోవడానికి నాకు ఇంకొక ఉత్తరం కావాలి. ఇన్నేండ్లు నా కష్టం చూసి నవ్వినారు, భరించినాను. నాకు మంచి జరుగుతుంటే చూడలేకపోవడం మాత్రం కొత్తగా ఉంది.

యశోద ఏడ్చింది. "మా అన్న అట్లాంటోడు కాదు" అనలేదు.

నేను విమానం ఎక్కేదాకా మా గడప తొక్కవద్దు.

ఇట్లు,
మద్దిలేటి


ఆళ్లగడ్డ,
5-3-1985

గడప తొక్కవద్దన్న బావకు గడప బయట నుంచి రాస్తున్నాను.

"గారు" అని రాసినావు. నువ్వు కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. సరే. నా మాట నమ్మవు కాబట్టి వాని మాటే నీకు పంపుతున్నాను.

నిన్న సోమవారం షాపు మూసి, లింగమ్మ తమ్ముని ప్యాంటు తొడుక్కుని ఆ లాడ్జికి పోయినాను. పేరు ఓబయ్య అని చెప్పినాను. తెల్ల బూట్లవాడు కుర్చీలో వెనక్కి వాలి అడిగినాడు.

"ఏం పని వచ్చు?"

"కపిల సార్."

మన తాతలు ఎద్దులు కట్టి తోలు బానతో బావిలోంచి నీళ్ళు తోడేవాళ్ళు చూడు, ఆ కపిలే.

"ఏ కంపెనీది?"

"పాత మోడల్ సార్. ముందుకూ పోతాది, ఎనక్కీ పోతాది."

"ఎంత పవరు?"

"రెండు సార్. బాగా మేపితే మూడు."

"ఆయిల్ ఎంత తాగుతుంది?"

"తాగదు సార్. పండగనాడు కొమ్ములకు పూస్తాం."

బావా, నవ్వు ఆపుకోలేక నా నాలుక నేనే కొరుక్కున్నాను. వాడు తల ఎత్తలేదు. నా అరచేతులు తిప్పి చూసినాడు. కర్పూరం మచ్చ చూసి "హాఁ, అనుభవం కనిపిస్తోంది" అన్నాడు. ఆ మాటకు నా నవ్వు పోయింది. నీ చేతులు కూడా ఇట్లాగే చూసి ఉంటాడు కదా అనిపించింది.

"నీ అదృష్టం బాగుంది ఓబయ్యా! మస్కట్‌లో మూడు కపిలలు నడిపే మనిషి లేక ఊరికే నిలబడి ఉన్నాయి" అని, ముందే అచ్చేసి పెట్టుకున్న కాగితం తీసి ఖాళీలో టైపు కొట్టి ఇచ్చినాడు. మళ్ళీ సోమవారం అసలు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు. అది గాటికి కట్టేసి ఉంది సార్ అనబోయి ఆపుకున్నాను.

ఆ కాగితం ఈ కవరులో పెట్టినాను. నీది పక్కన పెట్టి చూడు. అదే డేగ, అదే ముద్ర, అదే సంతకం ఉంటాయి. నీ పేరున్న చోట నా దొంగ పేరు, బాయిలర్ ఉన్న చోట కపిల. ఎడారిలో బావులు ఎవరు తవ్వినారు, ఎద్దులకు గడ్డి ఎవరు వేస్తున్నారు, కొంచెం ఆలోచించు.

వాని మంచం కింద గోనెసంచి నిండా మీ వాళ్ళ కాగితాలున్నాయి. ఈ ఉత్తరం చదివిన పూటే అందరినీ తీసుకుపోయి అడుగు. ఇవ్వకపోతే పోలీసు స్టేషన్ దూరం లేదు. నేనే మెట్ల మీద నిలబడి అరిచి ఉందును. నా అరుపుకు ఎవరు పరిగెత్తుకొస్తారు? కింద సంజీవయ్య ఎదురుపడినాడు. నన్ను చూసి నవ్వబోయి, ఎందుకో నవ్వకుండా పోయినాడు.

మీ వీధి మలుపు దాకా వచ్చినాను. యశోద గుమ్మం ముందు జొన్నలు చెరుగుతూ కనిపించింది. నువ్వు రావద్దన్నావని అక్కడి నుంచే బస్సెక్కినాను.

ఆలస్యం చేయొద్దు బావా.

ఓబులేసు


నంద్యాల,
8-3-1985

ఓరి నా దొంగ బావా!

గెలిచినావు. మళ్ళీ నువ్వే గెలిచినావు. నీ కాళ్ళకు దండం.

కపిల కాగితం చూసి ముందు నాకు ఒళ్ళు మండింది. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినాను. అదే డేగ, అదే ముద్ర. మస్కట్ కంపెనీ ముద్ర ఆళ్లగడ్డలో పంచర్లు వేసేవాని చేతికి ఎట్లా వచ్చింది? అంతలో సంజీవయ్య వచ్చి, "మీ బావ లాడ్జి మెట్లు దిగుతాంటే చూసినానన్నా. దొర మాదిరి ప్యాంటేసుకొని ఉండాడు" అన్నాడు. అప్పుడు నా బుర్రకు వెలుగొచ్చింది. ఆ తెల్ల బూట్లవాడు నీ మనిషి! ఎవర్రా వాడు? నాటకాల్లో వేషాలేసేవాడా, చాగలమర్రి పౌలు తమ్ముడా? కవరు వానితో రాయించినావు కాబోలు. లేక నీకు తెలియకుండా వాడే మొదలుపెడితే, కర్పూరం ఆర్పినాక నువ్వు వానితో కలిసినావా? ఎట్లా చేసినావో వచ్చి చెప్పాలి. రాత్రంతా ఆలోచించినా నాకు ముడి వీడలేదు.

"మస్కట్‌లో మూడు కపిలలు" అని చదవగానే యశోద కడుపు పట్టుకుని చాప మీద దొర్లింది. మిల్లు మూతబడినప్పటి నుంచి అది అట్లా నవ్వింది లేదు. "కొమ్ములకు పూస్తాం సార్" అని పిండి కలుపుతూ కూడా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వినడానికి నన్ను ఇంకోసారి మోసం చేసినా ఫరవాలేదు.

నిజం చెప్పనా? నాకు పోవాలని లేదు బావా. రాత్రిళ్ళు ఆ ఇసుక తలుచుకుని లేచి కూర్చునేవాడిని. నీతో చెప్పుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మిల్లు గేటుకు నోటీసు అంటించినారు. 18వ తేదీ తెరుస్తున్నారు! బాయిలర్ ఇన్‌స్పెక్టరు ముందురోజే వస్తాడంట. ఎవరి కాగితం గోడ మీద ఉంటే వానిదే బాయిలర్. నా సర్టిఫికెట్టు నువ్వే తీసుకుని రా. మిగతావాళ్ళవీ తీసుకుని రా. నతానియేలు "ఎముకలిరగ్గొడతా" అంటున్నాడు. నేను సర్దిచెప్తాను, నాలుగు తిట్లు పడు.

సోమవారం మహానందికి పోయి మొక్కు తీర్చుకుని వస్తాం. మంగళవారం నీకోసం కోడి.

ఓడిపోయిన,
మద్దిలేటి


నంద్యాల,
11-3-1985

మద్దిలేటి బావకు,

నీ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. తలుపుకు తాళముంది. మీరు మహానందిలో ఉంటారు.

నీ ఉత్తరం పొద్దున అందింది. పంచరు వేస్తున్న సైకిలు అట్లాగే పడేసి బస్సెక్కినాను. దిగిందే లాడ్జికి పోయినాను. గది ఊడ్చి ఉంది. బుధవారమే ఖాళీ చేసినాడంట. ఎక్కడికి పోయినాడో వాళ్ళకు తెలియదు. ఊడ్చిన చెత్తలో రెండు డేగ కవర్లు దొరికినాయి, అంతే. గోనెసంచి వాని వెంటే పోయింది.

వాడు నా మనిషి కాదు బావా. నీ కాగితం నా దగ్గర లేదు.

ఈ మాట ఎట్లా రాస్తే నమ్ముతావో బస్సులో వచ్చేంతసేపూ ఆలోచించినాను. నాకు తెలిసిన మాటలన్నీ నవ్వులాటకే పనికొచ్చేవి. ఎవరైనా నన్ను దొంగ అంటే ఇన్నేండ్లలో సంబరపడినానే గానీ బాధపడలేదు. ఈరోజు మాత్రం, ఆ దొంగ నేనే అయ్యుంటే ఎంత బాగుండు అనిపించింది. ఈ సాయంత్రానికి నీ సర్టిఫికెట్టు నీ చేతిలో ఉండేది. నువ్వు నన్ను కొట్టేవాడివి. యశోద అడ్డం వచ్చేది. కోడి కూర తినేవాళ్ళం.

యశోద నవ్వింది అని రాసినావే, ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివినాను. ఆ నవ్వు ఆపే ఉత్తరం నేనే రాయాల్సి వచ్చింది.

నువ్వు రాగానే అందరినీ వెంటబెట్టుకుని స్టేషన్‌కు పో. నీ దగ్గరున్న డేగ కవరు, నా కపిల కాగితం రెండూ చూపించు. సర్టిఫికెట్టు నంబరు నీకు నోటికి వచ్చు కదా, హైదరాబాదులో బాయిలర్ ఆఫీసుకు ఈరోజే రిజిస్టరు ఉత్తరం రాయించు. ఆ కాగితం పోయిందని, దాన్ని చూపించి ఇంకెవడైనా పని అడిగితే పట్టుకోమని, నీకు ఇంకొకటి ఇమ్మని. వాడు మళ్ళీ మీకు కార్డు రాసి దుడ్లు అడిగినా ఎవరూ ఇవ్వొద్దు. దుడ్లు పోతాయి, కాగితమూ రాదు.

నేను గేటు దగ్గరికి పోయి మిగతావాళ్ళకు చెప్పి వస్తాను.

ఓబులేసు

తిరిగి వచ్చి ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను. చెప్పినాను. వాళ్ళు నవ్వుతూ విన్నారు. "చాల్లే అన్నా, మా కాగితాలు తియ్యి" అన్నారు. లేవు అంటే ఇంకా నవ్వినారు. మూడోసారి లేవు అన్నప్పుడు నతానియేలు నా చొక్కా పట్టుకున్నాడు. వాడు తోసినప్పుడు కూడా వెనక ఎవరో నవ్వుతూనే ఉన్నారు. చీకటి పడుతోంది, ఆఖరి బస్సుకు పోతున్నాను. ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోస్తున్నాను.


నంద్యాల,
20-3-1985

బావా,

మహానంది నుంచి వచ్చి తలుపు తీస్తే నీ ఉత్తరం కాలికి తగిలింది. ప్రసాదం చేతిలో పట్టుకునే చదవడం మొదలుపెట్టినాను. సగంలో ఆపి కాగితం దించినాను. "చదువు, మా అన్న కదా, చివర్లో నవ్వుంటాది" అనింది యశోద. చివరి దాకా చదివినాను.

తెల్లవారి స్టేషన్‌కు పోయినాం. కంప్లయింటు రాసుకున్నారు. కపిల కాగితం చూసి ఇది ఎవరు తెచ్చినారని పోలీసులు అడిగితే మన వాళ్ళందరూ నీ పేరే చెప్పినారు. కర్పూరం ఆర్పి నమ్మించినాడని ఒకరు, లాడ్జిలో చూసినానని సంజీవయ్య, కాగితాలు అడిగితే లేవన్నాడని నతానియేలు. వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. అందుకే నాకు భయమైంది. నిన్ను ఆళ్లగడ్డ స్టేషన్‌లో కూర్చోబెట్టినారని, ఊరు దాటవద్దన్నారని లింగమ్మక్క మనిషితో చెప్పి పంపింది.

నిన్న మళ్ళీ నేనొక్కడినే ఎస్సై దగ్గరికి పోయినాను. "మా బావ కాదు సార్" అన్నాను.

"ఇంతకుముందు దొంగ కార్డులు రాసినాడా లేదా?"

"రాసినాడు సార్."

"తాసిల్దారు పేరు మీద రాసినాడా?"

"రాసినాడు సార్."

"మరి ఇది మాత్రం కాదని ఎట్లా చెప్తాండావ్?"

నేను చదువుకున్నవాడిని కాదు, నాకు తోచింది చెప్పినాను. "మా బావ ఒకన్ని ఏడిపిచ్చినాడంటే వాని ముఖం చూడకుండా ఉండలేడు సార్. నేను గోడ తవ్వేటప్పుడు పక్కింటి మిద్దె మీద పండుకొని చూసినాడు. అదే ఆయప్పకు కూలి. ఈ తూరి మా ఇంటి మలుపు దాకా వచ్చి, మా ముఖాలు చూడకుండా ఎనక్కి పోయినాడు. ఇది ఆయప్ప పని కాదు సార్."

ఎస్సై ఆ మాటలు అట్లాగే రాసుకున్నాడు. వేలిముద్ర చాలు అన్నాడు గానీ నేను సంతకమే పెట్టినాను. ఆళ్లగడ్డకు ఫోను చేసి, ఇంక నువ్వు ఎక్కడికైనా పోవచ్చని చెప్పినాడు. తెల్ల బూట్లవాడు గుంతకల్లు వైపు పోయినాడంటున్నారు. దొరుకుతాడో లేదో.

మిల్లు సోమవారం తెరిచినారు. ఆదోని నుంచి వచ్చిన మనిషి కాగితం గోడ మీద పెట్టినారు. నన్ను పొమ్మనలేదు. కింద వేరుశనగ బుడ్డల పొట్టు తోసే పనిలో పెట్టుకున్నారు. అతను మంచివాడే, కాకపోతే కొత్త. నిన్న బాయిలర్‌కుండే గ్లాసు గొట్టంలో నీళ్ళు తగ్గుతుంటే పొయ్యి మోత విని నాకు తెలిసింది. పార పట్టుకుని నిలబడినాను. చెప్పాలా వద్దా అని చూసి చూసి, చివరికి "నీళ్ళప్పా!" అని అరిచినాను. అతను గబగబా పంపు తిప్పినాడు. తర్వాత నా వైపు చూడలేదు. నేనూ పైకి చూడలేదు. హైదరాబాదు నుంచి కొత్త కాగితం వచ్చేదాకా ఇంతే. పోలీసు కాగితం జతచేసి మళ్ళీ రాయమని బాయిలర్ ఇన్‌స్పెక్టరు చెప్పినాడు. ఆ ఆఫీసుకు నాతో నువ్వు రావాలి. అక్కడ ఎవరితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

నతానియేలు ఇంకా నమ్మలేదు. దారిలో కనబడితే తిడతాడు, పడు. మెల్లగా నేను చెప్తాను.

గడప తొక్కవద్దని రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే పొయ్యిలో పెట్టు. యశోద ఎక్కువ మాట్లాడడం లేదు గానీ నిన్నటి నుంచి ఎసట్లో నీ బియ్యం కూడా పోస్తోంది. పొద్దున బస్సుకు రా. తమాషాలు ఏమీ చేయొద్దు, మమ్మల్ని నవ్వించాల్సిన పని లేదు. ఊరికే వచ్చి కూర్చో.

మద్దిలేటి